క్యాంటీన్ నూనె, పాత వ్యాను: షెడ్డులో పది వారాలు

వారం 1, శనివారం

వ్యాను వచ్చింది. వచ్చింది అనడం కన్నా తాడు కట్టి లాక్కొచ్చాం అనడమే నిజం. ఆరేళ్లుగా కదలని బండి. నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ల డీజిల్ ఇంజిన్. టర్బో లేదు, కంప్యూటర్ లేదు, ఇంజెక్షన్ పంపు పూర్తిగా మెకానికల్. టైర్లు పగుళ్లిచ్చాయి, బ్యాటరీ పోయింది. ట్యాంకు మూత తీస్తే వచ్చిన వాసన డీజిల్ వాసన కాదు. ఎన్నేళ్లుగానో మూతపెట్టి మరిచిపోయిన వార్నిష్ డబ్బా తెరిచినట్టుంది.

ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగితే "వీకెండ్ ప్రాజెక్టు" అని తప్పించుకున్నాను. అసలు సంగతి ఇక్కడ రాసుకోవచ్చు. మూడు నెలల కిందట మా టీమ్ ఒక పని పూర్తి చేసింది. పద్నాలుగేళ్ల ఉద్యోగంలో నాకు కాస్త గర్వంగా అనిపించిన కొద్ది పనుల్లో అదొకటి. పైన ఎవరో మారారు, కొత్తగా వచ్చినాయన ఆలోచనలు వేరు, మా పని అటకెక్కింది. అది మామూలే, అలవాటైపోయింది. నన్ను కుదిపింది ఆ తర్వాతి సోమవారం. ఆగిపోయిన పని గురించి ఎవరూ ఒక్క మాట ఎత్తలేదు, నాతో సహా. అందరం కొత్త స్లైడ్లకు రంగులు ఎంచుకుంటూ కూర్చున్నాం. స్టేటస్ పట్టికలో ఒక గడి ఎర్రగా ఉంది. "ఎరుపు పైకి వెళ్తే ప్రశ్నలొస్తాయి, పసుపు చేసెయ్యండి" అన్నారు. చేసేశాను. పని ఎంత వెనకబడిందో అంతే వెనకబడి ఉంది, గడి మాత్రం పసుపయింది. ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్ చూస్తుంటే ఈ వ్యాను ప్రకటన కనిపించింది.

వారం 2, సోమవారం

రెండు రోజులూ ట్యాంకుతోనే సరిపోయింది. కింద నాలుగు బోల్టులు. మూడు వచ్చాయి, నాలుగోది తుప్పుతో కరుచుకుపోయి కోస్తేగానీ రాలేదు. ట్యాంకు దించి వంచితే ముందు పాచిపోయిన డీజిల్ కారింది, తర్వాత ఒక గ్లాసుడు నీళ్లు, చివర్న నల్లటి జిగురు. వేళ్ల మధ్య సాగుతోంది. డీజిల్ అడుగున నీరు చేరితే ఆ రెండూ కలిసే అంచున సూక్ష్మజీవులు పెరుగుతాయి. వాటి మడ్డే ఇది. ఫిల్టర్లను ముందు చంపేది ఇదే.

షెడ్డు పక్కన ఉండే పెద్దాయన నలభై ఏళ్లు డీజిల్ బళ్లే బాగు చేసి రిటైరయ్యారు. నేను బాబాయ్ అంటాను. గేటు దగ్గర నిలబడి చాలాసేపు చూశారు. "ట్యాంకు ఒక్కటే కడిగితే ఎలా అబ్బాయ్, ఆ మడ్డి పైపుల్లో కూడా ఉంటుంది" అని మాత్రం చెప్పి వెళ్లిపోయారు. సాయంత్రానికి పైపులన్నీ ఊడదీశాను.

కొత్త ఫిల్టర్, కొత్త బ్యాటరీ, పది లీటర్ల తాజా డీజిల్. తర్వాత ఎయిర్ తీయడం. ఇది తెలియని వాళ్లకోసం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ రెండు వారాల్లో నాకు బాగా నచ్చిన పని ఇదే. డీజిల్ లైన్లో గాలి చిక్కితే పంపు ఆ గాలినే నొక్కుతూ కూర్చుంటుంది. గాలి నలుగుతుంది, డీజిల్ నలగదు, కాబట్టి సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు. ఫిల్టర్ మీదున్న చిన్న స్క్రూ వదులు చేసి చేతిపంపు నొక్కుతూ ఉండాలి. మొదట బుసబుసమంటూ నురగ, తర్వాత నురగా డీజిలూ కలిసి, ఆ తర్వాత ఒక్క బుడగ కూడా లేని సన్నటి ధార. స్క్రూ బిగించాలి. తర్వాత ఇంజెక్టర్ల దగ్గర నట్లు ఒక్కో చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. ఒక్కోదాని దగ్గర డీజిల్ చెమర్చగానే బిగించెయ్యాలి. మూడోది బిగిస్తుండగానే ఇంజిన్ ఒక్కసారి దగ్గింది. నాలుగోది బిగించాక ఇరవై సెకన్లు గ్లో ప్లగ్గులు (చల్లటి సిలిండర్లను వేడిచేసే కడ్డీలు) వేడెక్కించి సెల్ఫ్ కొడితే షెడ్డు నిండా తెల్లటి పొగ, ఆ పొగలో నాలుగు సిలిండర్ల గోల.

రాత్రి చేతులు ఎంత కడిగినా వాసన పోలేదు. ఇవాళ పొద్దున మీటింగులో గడ్డం కింద చెయ్యి పెట్టుకుంటే ఆ వాసనే తగిలింది. చెయ్యి తీయబుద్ధి కాలేదు.

వారం 3, బుధవారం రాత్రి

ఇంజిన్ తిరుగుతోంది కదా, ఇక ఏ ఇంధనంతో నడపాలన్నది తేల్చాలి. ఎలాగూ సగం ఊడదీసి ఉంది, మార్చాలంటే ఇదే సమయం. పట్టిక వేశాను. ఎడమవైపు ఇంధనాలు, పైన ఖర్చు, కాలుష్యం, దొరకడం, పని కష్టం అంటూ తొమ్మిది నిలువు వరుసలు, ఒక్కోదానికి వెయిటేజీ. ఆఫీసు రోగం అంత తేలిగ్గా వదలదు. మార్కులు కూడితే వాడేసిన వంటనూనెతో చేసిన బయోడీజిల్ మొదటి స్థానంలో వచ్చింది. అది ముందే నా మనసులో ఉందనీ, వెయిటేజీలు అది గెలిచేలా వేశాననీ నాకు తెలుసు. ఇలాంటి పట్టికలు ఉద్యోగంలో చాలానే వేశాను.

బాబాయ్‌కి చూపించాను. కళ్లజోడు పైకి నెట్టి ఒక్కో వరుసా చదివారు. "అన్నీ రాశావు. రోజుకు ఎంత దూరం తోల్తావో రాయలేదే?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. దూరాలు వెళ్లాలి అన్నాను. ఎక్కడికి అన్నారు. ఇంకా అనుకోలేదు అన్నాను. ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

వారం 3, శనివారం

పట్టిక పక్కన పడేసి లెక్కలు మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి వెయిటేజీల్లేవు.

పెట్రోలు ఇందులో పోయడం కుదరదు. ఈ ఇంజిన్ గాలిని 21 వంతులనుంచి ఒక వంతుకు నొక్కి ఆ వేడితోనే ఇంధనాన్ని అంటిస్తుంది, స్పార్క్ ప్లగ్గే ఉండదు. డీజిల్‌కు తొందరగా అంటుకోవడం మంచి గుణం, పెట్రోలుకు తొందరపడకపోవడం మంచి గుణం. పైగా పంపు లోపలి భాగాలు డీజిల్ జిడ్డుతోనే అరగకుండా తిరుగుతాయి, పెట్రోలు పడితే ఎండిపోతాయి. పెట్రోలు కావాలంటే ఇంజినే మార్చాలి. గ్యాసుదీ అదే కథ. ఎల్పీజీ సంపీడనంతో తనంతట తాను సరిగ్గా అంటుకోదు, స్పార్క్ కావాలి. లీటరుకు శక్తి కూడా తక్కువ: డీజిల్‌లో సుమారు 36 మెగాజౌళ్లుంటే ఎల్పీజీలో 25, ఇథనాల్‌లో 21. పెట్రోలు 32 దగ్గరుంటుంది. ఇథనాల్‌తో నడిపే వాళ్లకు మైలేజీ ఎందుకు పడిపోతుందో ఈ ఒక్క అంకె చెప్పేస్తుంది.

కరెంటు దగ్గర చాలాసేపు ఆగాను. లీటరు డీజిల్ అంటే సుమారు 10 యూనిట్ల శక్తి. కానీ ఇంజిన్ అందులో మూడో వంతును చక్రాలకు చేరిస్తే గొప్పే, మిగతాదంతా రేడియేటర్లోంచి, సైలెన్సర్లోంచి పోయే వేడి. మోటారు 90 శాతం దాకా వాడుకుంటుంది. ఇంత వ్యాను వంద కిలోమీటర్లకు 25 యూనిట్లు తింటుందనుకుంటే, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సుమారు 200 కిలోలు అవుతుంది. ఇంజిన్, ట్యాంకు, సైలెన్సర్ తీసేస్తే ఆ బరువు దాదాపు సర్దుకుంటుంది. అంటే వంద కిలోమీటర్ల లోపు తిరిగే బండికి కరెంటే సరైనది, వాదన అక్కర్లేదు. కానీ నేను దూరాలు వెళ్తానన్నాను కదా. ఎక్కడికో తెలియని దూరాలకు.

కాబట్టి డీజిల్ ఇంజిన్ ఉంటుంది. పంపులో దొరికే డీజిలా, నూనెతో నేను చేసుకునేదా అన్నదే మిగిలింది.

వారం 5

నాలుగో వారం ఆఫీసు మింగేసింది. రాసేదేం లేదు.

నూనె ఆఫీసులోనే దొరికింది. క్యాంటీన్ నడిపే అతన్ని వాడేసిన నూనె ఏం చేస్తారని అడిగితే, "ఎవరైనా తీసుకెళ్తే చాలు సార్, డబ్బాలు పెట్టడానికే చోటు లేదు" అన్నాడు. 20 లీటర్ల డబ్బా ఒకటి లిఫ్టులో కిందికి దించుతుంటే మా డిపార్ట్‌మెంట్ హెడ్ ఎక్కారు. డబ్బా వైపు చూశారు, నా వైపు చూశారు, తర్వాత తన ఫ్లోర్ వచ్చేదాకా ఫోన్ చూసుకున్నారు.

నూనెతో డీజిల్ ఇంజిన్ నడపడం కొత్త ఆలోచనేం కాదు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపారు. ఎంత సాఫీగా నడిచిందంటే చాలామంది గమనించనే లేదని రుడాల్ఫ్ డీజిల్ తర్వాత చెప్పుకున్నాడు. ఈ ముక్క నూనెల మీద ప్రేమున్న ప్రతివాళ్లూ చెబుతారు, నేనూ ఆఫీసులో ఇద్దరికి చెప్పాను. చెప్పనిది ఏమిటంటే, ప్రదర్శనలో కొన్నాళ్లు నడవడం వేరు, ఏళ్లపాటు నడవడం వేరు. 40 డిగ్రీల దగ్గర వంటనూనె చిక్కదనం డీజిల్‌కు పదింతలు. నాజిల్ దాన్ని సన్నటి తుంపరగా చిమ్మలేదు. చుక్కలుగా పడ్డది పూర్తిగా కాలక నాజిల్ మూతికి మసి కడుతుంది, పిస్టన్ రింగులు పట్టేస్తాయి. నూనెను 70, 80 డిగ్రీలకు వేడిచేసి పంపడానికి రెండో ట్యాంకు పెట్టుకునే వాళ్లున్నారు. నేను రెండో దారి పట్టాను: నూనెనే పలచబరచడం.

నూనెలో మిథనాల్, కాస్టిక్ సోడా కలిపితే నూనె అణువు విడిపోయి మిథైల్ ఎస్టర్ అవుతుంది. అదే బయోడీజిల్. దాంతోపాటు పుట్టే గ్లిజరిన్ బరువు కాబట్టి అడుగుకు దిగిపోతుంది. తాజా నూనెకు లీటరుకు 200 మిల్లీలీటర్ల మిథనాల్, మూడున్నర గ్రాముల సోడా. వాడేసిన నూనెలో ఆమ్లం పుట్టి ఉంటుంది కనక దాన్ని చంపడానికి ఇంకొంత సోడా కావాలి. ఎంతన్నది టైట్రేషన్ (ఆమ్లం ఎంతుందో చుక్కల లెక్కన కొలిచే పరీక్ష) చేసి తెలుసుకోవాలి. ముందు ఒక్క లీటరుతో చూశాను. మిథనాల్ 65 డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందుకని 55 దాటనివ్వలేదు. మిథనాల్‌తో ఆటలొద్దు. అది చర్మంలోంచి కూడా లోపలికి దిగుతుంది, చూపు పోగొడుతుంది, దాని మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు. చేతులకు గ్లవ్స్, కళ్లద్దాలు, షెడ్డు బయట గాలిలో, కరెంటు హీటరు. దగ్గర్లో ఎక్కడా మంట ఉండకూడదు.

గంట కలిపి సీసాలో వదిలేశాను. పొద్దున చూస్తే అడుగున టీ డికాక్షన్ రంగులో చిక్కటి పొర, పైన తేనె రంగులో తేటగా నిలిచిన ద్రవం. రెంటి మధ్య గీత గీసినట్టుంది. సీసాను కిటికీకి ఎదురుగా పట్టుకుని ఎంతసేపు చూశానో.

వారం 6, ఆదివారం రాత్రి

20 లీటర్లు పాడు చేశాను. ఎలా పాడు చేశానో రాయాలి. రాయకుండా తప్పించుకుందామని రెండుసార్లు లేచాను.

టైట్రేషన్ అంటే ఇది: పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక మిల్లీలీటరు నూనె, ఆమ్లం పోగానే గులాబి రంగుకు మారే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు. లీటరు డిస్టిల్డ్ నీటిలో ఒక గ్రాము సోడా కరిగించిన ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వేస్తూ పోవాలి. గులాబి రంగు వచ్చి నిలిస్తే ఆపాలి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడా అదనంగా కావాలి. మూడుసార్లు చేశాను. 5.2 వచ్చింది, 6.1 వచ్చింది, 3.4 వచ్చింది.

మూడోసారి గులాబి రంగు నిలవకముందే ఆపేశాను. చేస్తున్నప్పుడే తెలుసు. సాయంత్రం ఆరయింది, సోమవారం మీటింగు, నా దగ్గర సోడా తక్కువుంది. 3.4 అయితే ఉన్నది సరిపోతుంది. నోటుబుక్కులో 3.4 రాసి మిగతా రెండూ కొట్టేశాను. నూనెను ముందు వంద డిగ్రీలు దాటేదాకా కాచి నీరు పోగొట్టాలి, వేడి పెనం మీద ఒక చుక్క వేస్తే చిటపటలాడకూడదు. కొద్దిగా చిటపటలాడింది. పర్వాలేదులే అనుకున్నాను.

3.4 లెక్కన 138 గ్రాముల సోడా వేశాను. మొదటి రెండు రీడింగుల సగటు ప్రకారం 183 కావాలి. వేసిన ఆ తక్కువ సోడాలోనూ కొంత, నూనెలో మిగిలిన నీటి వల్ల సబ్బయింది. పొద్దున అడుగున పలచటి పొర మాత్రమే ఉంది. కడుగుదామని నీళ్లు పోసి కలిపితే మొత్తం తెల్లగా, సున్నం కలిపినట్టు చిక్కబడి కూర్చుంది. మూడు గంటలు చూశాను. విడిపోలేదు.

ఎర్ర గడిని పసుపు చేయమన్నప్పుడు నాకు ఒళ్లు మండింది కదా. ఇక్కడ చెయ్యమన్న వాళ్లెవరూ లేరు. షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను, పెన్ను నా చేతిలోనే ఉంది. ఆఫీసు నన్ను పాడు చేసిందని ఇన్నాళ్లూ చెప్పుకుంటున్నాను. పద్నాలుగేళ్లలో అది నా చేతి అలవాటే అయిపోయినట్టుంది.

వారం 8, గురువారం

కొత్త డబ్బాతో మళ్లీ మొదలుపెట్టాను. నూనె కాచాను, ఒక రోజు ఆరనిచ్చాను. టైట్రేషన్ 4.4, 4.5, 4.4. ఈసారి విడిపోయింది. ఐదుసార్లు నీటితో కడిగాను, చివరి నీళ్లు తేటగా వచ్చేదాకా. ఎండలో ఉంచి మిగిలిన నీరు పోగొట్టాను. 27 మిల్లీలీటర్ల మిథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ వేసి ఊపితే పూర్తిగా కలిసిపోయింది. మారని నూనె మిగిలుంటే చుక్కలుగా అడుగున చేరేది.

నేరుగా వంద శాతం పోయలేదు. ఐదో వంతు బయోడీజిల్, మిగతాది డీజిల్. రబ్బరు పైపులు ముందే మార్చాను. బయోడీజిల్‌కు మామూలు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, విటాన్ అనే ప్రత్యేక రబ్బరు అయితే తట్టుకుంటుంది. బండిలో తేడా ఒక్కటే: పొగ వాసన మారింది. శక్తిలో తగ్గేది ఒకటి రెండు శాతం, కాలికి తెలియదు.

నిన్న ఆఫీసు నుంచి నూనె డబ్బాతో వస్తుంటే ఎత్తు ఎక్కేచోట బండి లాగడం మానేసింది. ఎవరో గొంతు నొక్కినట్టు. తెలిసిన సంగతే, అయినా నాకు జరగదనుకున్నాను. బయోడీజిల్ మంచి ద్రావకం, పాత ట్యాంకులో నేను కడగ్గా మిగిలిన మడ్డినంతా కరిగించి ఫిల్టరుకు తెచ్చి పెట్టింది. స్పేర్ ఫిల్టర్ వెంట ఉంది, బాబాయ్ పెట్టమన్నారు. రోడ్డు పక్కన ఆపి మారుస్తుండగా ఫోన్ మోగింది, వారపు రివ్యూ కాల్. చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, మ్యూట్‌లో ఉంచి, చేతిపంపు నొక్కుతూ ఉన్నాను. నురగ వస్తోంది. నా వంతు వచ్చింది, స్టేటస్ ఏమిటన్నారు. మ్యూట్ తీసి "ఎరుపు" అన్నాను. అటువైపు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈలోగా బుడగలు ఆగిపోయి సన్నటి ధార మొదలైంది. స్క్రూ బిగించాను.

వారం 10, శనివారం

ఆ ఎరుపు వల్ల ప్రపంచమేం తలకిందులు కాలేదు. రెండు మీటింగులు అదనంగా పెట్టారు, మూడో మీటింగులో గడి పసుపయింది, నేను చేయలేదు. మంగళవారం రాజీనామా ఇచ్చాను. ఒక్క దెబ్బకు తెగించి ఇచ్చింది కాదు. ఇంట్లో నాలుగు సాయంత్రాలు కూర్చుని లెక్క వేశాం. ఉన్న డబ్బు ఎనిమిది నెలల ఖర్చుకు వస్తుంది. తర్వాత ఏం చేస్తానో తెలియదు. బళ్లు బాగు చేసి బతుకుతానని మాత్రం అనుకోవడం లేదు, బాబాయ్ చేతులు చూశాక ఆ మాట అనే ధైర్యం లేదు.

ఇక ఇంధనం సంగతి. బాబాయ్ అడిగిన రోజు నుంచీ ప్రతి ప్రయాణానికీ మీటరు రీడింగ్ రాస్తున్నాను. మొత్తం 17 ప్రయాణాలు. పదహారు 15 కిలోమీటర్ల లోపు, ఎక్కువ భాగం స్పేర్ పార్టులకూ మిథనాల్‌కూ తిరిగినవే. అన్నిటికన్నా పొడవైనది రానూపోనూ 46 కిలోమీటర్లు. అది ఆఫీసుకు, నూనె తేవడానికి.

కాగితం తీసుకెళ్లి బాబాయ్‌కి ఇచ్చాను. పైనుంచి కిందికి చదివారు. "అయితే నూనె కోసం బండి, బండి కోసం నూనె" అన్నారు. నవ్వకూడదనుకున్నారు గానీ ఆగలేదు.

ఈ కాగితాన్ని నమ్మితే వ్యానుకు సరైనది బ్యాటరీ. ఇంజిన్ ఉండే చోటు కొలతలు తీసి పెట్టాను. కానీ ఈ పదిహేడు ప్రయాణాలు ఉద్యోగమున్న మనిషి తీరిక దొరికినప్పుడు చేసినవి. ఉద్యోగం లేనివాడు ఎంత తిరుగుతాడో ఇంకా రాయాల్సి ఉంది. ఆరు నెలల రీడింగులు వచ్చేదాకా ఇంజిన్ ముట్టుకోను. అప్పటిదాకా డీజిల్, దొరికినన్నాళ్లు ఐదో వంతు నేను చేసింది.

దొరికినన్నాళ్లు అంటే రెండు నెలలు, నోటీసు పీరియడ్ అయ్యేదాకా. శుక్రవారం డబ్బా తీసుకుంటుంటే క్యాంటీన్ అతను అడిగాడు, "వెళ్లిపోతున్నారంట కదా సార్, ఇక ఈ నూనె ఎవరికివ్వను?" జవాబు ఏం చెప్పాలో తోచలేదు. డబ్బాకు రెండో వైపు అతనే పట్టుకుని పార్కింగ్ దాకా వచ్చాడు.

ఇవాళ పొద్దున ఆ డబ్బా తెరిచాను. నల్లగా ఉంది, బాగా వాడిన నూనె. టైట్రేషన్: 5.9, 5.8, 5.9. సోడా చాలదు. రేపటికి ఆపాను.